అట్ట లేని గోడ

ఆ సందులో అందరూ ఆయన్ని కళ్ళజోళ్ళాయన అనేవారు. ఇరవై రెండేళ్ళుగా చుట్టుపక్కలవాళ్ళ చూపంతా ఆయన చేతుల మీదుగానే నడిచింది. ఇక సొంత పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. కూతురు ఒక్కసారి కళ్ళు చికిలిస్తే చాలు, తింటున్న కంచం ముందునుంచి లేపి దుకాణానికి లాక్కొచ్చేవాడు. కొడుక్కి ఏడాదికి రెండు కంటి పరీక్షలు. మరి భార్యకు? రోజంతా దుకాణంలోనే ఉంటుంది, ఆవిడకేం అనుకునేవాడు మహానుభావుడు.

ఆ ఉదయం ఆవిడ, కోటు తగిలించిన ఖాళీ కుర్చీతో, "కూర్చోండి, ఆయన ఇప్పుడే వచ్చేస్తారు" అంది.

ఆయన పగలబడి నవ్వాడు. ఆవిడా నవ్వింది, కాస్త ఆలస్యంగా. ఆ ఆలస్యం ఆయన్ని పట్టుకుని వదల్లేదు. బిగిస్తున్న స్క్రూ రెండుసార్లు జారవిడిచాడు. ఊరికే వీధిలోకి వెళ్ళి వచ్చాడు. ఆవిడ ఈమధ్య ఫ్రేములు తడిమి తీస్తోందని అప్పుడు గుర్తొచ్చింది.

చివరికి ఉండబట్టలేక, "ఇలా వచ్చి కూర్చో" అన్నాడు.

"నాకేమైందండీ ఇప్పుడు?" అంటూనే కూర్చుంది. ఒక కన్ను మూసుకుని, గోడమీది చూపు పరీక్ష అట్టలో అక్షరాలన్నీ పైనుంచి కిందిదాకా గడగడా అప్పజెప్పేసింది.

ఆయన ప్రాణం లేచొచ్చింది. కానీ కుదురు రాలేదు. ఆ అట్టలో కింది వరుస ఆయనకే కనబడదు.

"ఒక్క నిమిషం రెండు కళ్ళూ మూసుకో" అని, చప్పుడు కాకుండా అట్ట దించేశాడు. "ఊఁ, రెండో కంటితో చదువు."

ఆవిడ ఖాళీ గోడను చూస్తూ ఒక్క తప్పు లేకుండా చదివింది. ఇన్నేళ్ళూ రోజూ ఆ అట్ట తుడిచింది ఆవిడే. వచ్చినవాళ్ళు చదువుతుంటే విన్నదీ ఆవిడే.

"అక్కడ అట్ట లేదే" అన్నాడు. "ఎన్నాళ్ళ నుంచి?"

ఆవిడ తల దించుకుంది. "పిల్లలకైతే చెప్పకముందే కనిపెట్టేస్తారు కదా. నాకూ కనిపెడతారేమోనని చూశాను. తర్వాత చెప్పాలంటే సిగ్గేసింది."

పిల్లల మీద ప్రేమ భయమై ఆయన్ని రోజూ తట్టి లేపేది. ఈవిడ మీద ప్రేమకేమీ తక్కువ లేదు. అది ఎక్కడికీ పోదన్న ధీమాతో ఆయనే హాయిగా నిద్రపోయాడు. తనమీద తనకే అసహ్యం వేసింది.

అట్ట వెనకవైపు అరచేయంత అక్షరం ఒకటి రాసి పట్టుకుని, ఒక్కో అడుగే దగ్గరికి వచ్చాడు.

"ఇప్పుడు?"

"లేదండీ."

"ఇప్పుడో?"

"ఉహుఁ."

మూడడుగుల దూరంలో ఇక ముందుకు రాలేక ఆగిపోయాడు. పెదవులు వణుకుతున్నాయి, కన్నీళ్ళు గడ్డం దాకా కారుతున్నాయి. ఆవిడ ఆయన ముఖంలోకి పరీక్షగా చూసి, తనూ చిన్నగా నవ్వింది.

"ఎందుకండీ అంత నవ్వు?"