చూపుడు బూట్లు

మేం సరిహద్దు పోస్టు చేరేసరికి మధ్యాహ్నం. గాలి అడ్డంగా కొడుతోంది. పైన బండ, కింద మంచు, మధ్యలో ఇసుక బస్తాల బంకరు. చలికాలమంతా అక్కడే డ్యూటీ. లోయను కనిపెట్టి ఉండాలి, కనిపించింది రేడియోలో చెప్పాలి.

రేడియో ఆపరేటరుది టెక్కలి వైపు. నాది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ అని తెలిసి నవ్వాడు.

"రైలోళ్ల పిల్లడివి, ఈ కొండెందుకెక్కినావు బావా? ఇక్కడ పట్టాల్లేవు."

ఆ ఏడు మాకిచ్చిన బూట్లు చలికి బిగిసి అడుగు ఊడిపోయేవి. ఆపరేటరు తన కుడి బూటుకి టెలిఫోను తీగ చుట్టాడు. అయినా మంచు దూరేది. స్టవ్ దగ్గర కాలివేళ్లు గిల్లుకుంటూ "ఇవి నావేనేటి?" అనేవాడు. హవల్దారు పైకి ఫిర్యాదు పంపాడు. కొనుగోళ్లు చూసే పెద్ద అధికారే స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది.

ముందురోజు కంచరగాడిదల మీద పెట్టెలొచ్చాయి. మంచి బూట్లు. లోపల ఉన్ని, అడుగున లోతైన గీతలు.

"ఇవి మాకుంచేస్తారా సార్?" అన్నాడు ఆపరేటరు.

"చూపుడు బూట్లు. రేపు పెద్దాయన వెళ్లగానే పక్క పోస్టుకి పోతాయి. అక్కడా తనిఖీ ఉంది," అన్నాడు హవల్దారు, మా మొహాలు చూడకుండా.

తనిఖీ రోజు ఎండ కాసింది. కొత్త బూట్లతో హెలిపాడ్ దాకా వరసగా నడిచాం. అధికారి మర్యాదస్తుడు. "ఇబ్బందులేమైనా ఉన్నాయా?" అని అడిగారు. లేవనడం ఆనవాయితీ.

"సార్, ఇవి నిన్న వచ్చాయి. మీరు వెళ్లగానే పోతాయి. మా అసలు బూట్లు బంకర్లో ఉన్నాయి. ఒక్కసారి చూడండి," అన్నాను.

బంకరు రాయి విసిరితే తగిలేంత దూరం. ఆయన అటు చూశారు, గడియారం చూశారు. "విచారణ చేయిద్దాం," అన్నారు. హెలికాప్టరు లేచింది. స్టోరు మనిషి మా పాత బూట్లు అక్కడికే తెచ్చి కుప్ప పోశాడు. మార్చుకున్నాం.

తర్వాత మంచు తుఫాను. ఆపరేటరు కుడికాలి వేళ్లు నల్లబడ్డాయి. కిందికి దించడానికి వాతావరణం కుదరలేదు. అప్పుడే రేడియోలో విచారణ జవాబొచ్చింది. కట్టుకట్టిన కాలు చాపుకుని తనే విని, తనే మాకు చెప్పాడు: "ఫిర్యాదు రుజువు కాలేదు. జవాన్ల బూట్లు బాగున్నట్టు అధికారి స్వయంగా చూశారు."

నావైపు తిరిగాడు. "అందిందని చెప్పీమంటావేటి బావా?"

కిందికి దించాక ఆసుపత్రిలో అతని రెండు వేళ్లు తీసేశారు.

డ్యూటీ ముగించుకుని ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో మా క్వార్టరుకి వచ్చాను. అన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అంతా విని అన్నాడు: "మా కాడ చక్రం పాస్ చేసినోడు దాని మీద తన గుర్తు కొడతాడు. బీటొస్తే ముందు ఆణ్నే పిలుస్తారు. మీ బూటు మీద ఎవుడి గుర్తుందిరా?"

ఎవరిదీ లేదు.

పూరీ గేట్ దగ్గరి టీ కొట్టులో, మేం దాదా అని పిలిచే ఒక బెంగాలీ పెద్దమనిషి మందలించాడు, సైన్యాన్ని ప్రశ్నించడం దేశానికి మంచిది కాదని. నేనడిగింది సైన్యాన్ని కాదు. దాని పేరు చెప్పుకుని బూట్లు కొని, దాని పేరు చాటున దాక్కున్న వాళ్లని. సైనికుడికి దండం పెట్టడం సులువు. వాడి బూటు తిప్పి అడుగు చూడడానికి వంగాలి. ఎంత పెద్ద అధికారైనా వంగాలి. దండం తనిఖీకి బదులు కాదు.

ఆ రోజు హెలిపాడ్ నుంచి వెనక్కి నడుస్తూ చూశాను. మంచులో రెండు వరసల అడుగులు. వెళ్లినవి ఒక్కొక్క గీతా తేలి, అచ్చుగుద్దినట్టున్నాయి. తిరిగొచ్చినవి బోసిగా ఉన్నాయి. వాటిలో ఒక కుడి అడుగు పక్కన, మంచు మీద సన్నగా ఈడ్చిన తీగ గీత.