చున్నీ కట్టుకుని ఎక్కిన కొండ

మా దీవిలోని చాతం జెట్టీలో ఫెర్రీ డీజిలు పొగ ముక్కుకి తగిలితే చాలు, నాకు మార్తా టీచరు గుర్తొస్తారు. ఆవిడతోపాటు సిగ్గూ వస్తుంది. ఇన్నేళ్లయినా ఆ రెండూ విడివిడిగా రావు. టీచరు మా బడిలో ఆటలు నేర్పేవారు, ఆదివారం బ్రూక్షాబాద్‌లోని మా తెలుగు చర్చిలో పాటలు పాడించేవారు. శనివారం తెల్లవారగానే మా ఆడపిల్లల్ని సైకిళ్లతో సహా ఫెర్రీ ఎక్కించి అవతలి ఒడ్డునున్న బాంబూఫ్లాట్ తీసుకెళ్లేవారు. అక్కడి నుంచి కొండపైకి రోడ్డుంది. ఈ దీవుల్లో సైకిలు తొక్కేవాళ్లెవరినైనా అడగండి, ఆ రోడ్డు పేరెత్తితే ముందు తొడలు తడుముకుంటారు. మలుపు తిరిగితే ఊపిరి తీసుకోవచ్చనుకుంటాం. తిరిగాక చూస్తే ఇంకా నిటారుగా ఉంటుంది.

నాకు కొండంటే భయం లేదు. భయమంతా ఫెర్రీ అంటేనే. ఒంటికి అతుక్కునే ఆ సైకిలు నిక్కరుతో, డెయిరీ ఫార్మ్ పేటలో మా అమ్మ కొట్టుకి వచ్చే మనుషుల మధ్య, చర్చి పెద్దల మధ్య నిలబడాలి. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. అందుకని నడుముకి చున్నీ చుట్టుకుని, అవతలి ఒడ్డున విప్పి సంచిలో పెట్టేదాన్ని. టీచరు మాత్రం అదే నిక్కరుతో, నెరిసిన జుట్టుతో, అందరికీ వందనాలు చెబుతూ తిరిగేవారు. ఒకసారి సంఘపెద్ద ఒకాయన, "ఏటమ్మా టీచరూ, ఈ వయసులో ఈ డ్రెస్సేటి?" అన్నాడు.

"చీర కట్టుకునే ఎక్కుతాను అన్నయ్యా, వెనకాల మీరు తొయ్యాల మరి," అన్నారావిడ.

ఫెర్రీ అంతా నవ్వింది. నేను సముద్రం వైపు తిరిగిపోయాను. ఆవిడ పక్కన ఉన్నందుకు సిగ్గుపడ్డాను, అలా సిగ్గుపడ్డందుకు మళ్లీ సిగ్గుపడ్డాను.

పోటీలకి మెయిన్‌లాండ్ వెళ్లే సైకిలు జట్టుకి ఎంపిక ఆ కొండమీదే పెట్టారు. ముందు పైకి చేరిన ఒక్క పిల్లకే చోటు. మా చర్చివాళ్లు రోడ్డు పక్కన వరసగా నిలబడ్డారు, పాపం, నన్ను ఉత్సాహపరచడానికే. వాళ్లని చూసి నేను చున్నీ విప్పలేదు.

"తీసెయ్యే పిల్లా, చెయిన్‌లో పడితే?" అన్నారు టీచరు.

"గట్టిగానే కట్టాను టీచర్."

ఆవిడ ఇంకేదో అనబోయి నా మొహం చూసి ఆగిపోయారు. విజిల్ వేశారు.

పై మలుపు దాకా నేనే ముందు. సీటు మీంచి లేచి తొక్కుతుంటే ముడి జారింది. చున్నీ చెంగు వెనక చక్రంలోకి పోయి చెయిన్‌కి చుట్టుకుంది. దభీమని పడ్డాను. దాన్ని లాక్కుంటూ ఉండగానే వెనకున్న పిల్ల నన్ను దాటిపోయింది. స్కూటరు మీద వస్తున్న టీచరు దిగి పరుగెత్తుకొచ్చారు. తిడతారనుకున్నాను. ముందు నా మోకాలు చూశారు, తర్వాత చున్నీని పళ్లతో చింపి చెయిన్ విడిపించారు.

"సిగ్గూ శరం పడితే పడ్డావులే. రెండు తిట్లు తిట్టైనా నేను విప్పించాల్సింది. నీ మనసు నొచ్చుకుంటాదని ఊరుకున్నాను. గల్తీ నాదే," అన్నారు.

అంత నోరున్న మనిషి నా ముందు తల దించుకున్నారు. జట్టులో చోటు పోయినదానికంటే అదే నన్ను ఎక్కువ కాల్చింది.

ఆవిడ ఇప్పుడు లేరు. పిల్లల్ని ఆ కొండకి నేనే తీసుకెళ్తున్నాను. ఆవిడలాగే నిక్కరుతో ఫెర్రీ ఎక్కుతాను, ఆవిడలాగే అందరినీ పలకరిస్తాను. సిగ్గు వదిలిందనే అనుకున్నాను. మొన్న శనివారం ఫెర్రీలో తెలిసిన పెద్దాయనెవరో ఎదురైతే, నాకు తెలియకుండానే నా చెయ్యి జెర్సీ అంచుని కిందికి లాగింది. పక్కనున్న, మా జట్టులోకెల్లా చిన్నపిల్ల అది చూసింది. చూసి, తన జెర్సీ కూడా కిందికి లాక్కుంది.