ఆ రోజు నేను కొట్టని కమాండు

ఇన్నేళ్లుగా దీన్ని మోసి మోసి అలసిపోయాను. పోలీసులు పట్టుకెళ్లేంత నేరమేం కాదు. అయినా దించుకోలేకపోయాను. మీకు నా పేరు తెలియదు, అందుకే మీతో చెబుతున్నాను.

నా ఆడపడుచు రమ బీఎడ్‌లో చేరాలనుకుంది. ఆ ఏడు కౌన్సెలింగ్ ఆలస్యమై సరిగ్గా మిరప కోతల్లో వచ్చిపడింది. కాలేజీల ఆప్షన్లు పెట్టడానికి అదే ఆఖరి రోజు. రమ పొద్దుటినుంచీ కళ్లంలో కాయల తొడిమలు తీసి వచ్చింది. ఆ చేతులతో మా ఇళ్లలో ఎవరూ మొహం తుడుచుకోరు, పసిపిల్లల్ని ఎత్తుకోరు. కీబోర్డు అసలే ముట్టుకోరు, తర్వాత కూర్చున్నవాళ్ల కళ్లు మండుతాయని. సబ్బుతో ఎంత రుద్దినా ఆ ఘాటు పోదు. అందుకని చేతులు వెనక్కి పెట్టుకుని నా కుర్చీ పక్కన నిలబడింది. కొట్టాల్సింది నేనే.

కౌన్సెలింగ్ సైటు తెరిస్తే, ఆప్షన్లు ఇంకా మొదలు కాలేదన్న పాత పేజీయే మళ్లీ మళ్లీ వస్తోంది. ఎందుకో నాకు తెలుసు. సైటును కొత్త సర్వర్‌కి మార్చారని, తమకు బాగానే తెరుచుకుంటోందని బ్రాడీపేటలో ఉండే నా స్నేహితురాలు పొద్దున్నే ఫోన్‌లో చెప్పింది. ఇల్లు మారిన చుట్టాల కోసం పాత గుమ్మం ముందే నిలబడ్డట్టు, మా కంప్యూటర్ తనకు గుర్తున్న పాత చిరునామాకే పోతోంది. ఆ గుర్తు చెరిపేయాలి. డీఎన్‌ఎస్ క్యాష్ క్లియర్ చేయడం అంటారు. నల్లటి విండో తెరిచి ఒక్క కమాండు కొడితే చాలు. నేను కంప్యూటర్లు చదువుకున్నదాన్నే.

కొట్టలేదు.

"ఏందొదినా, రావట్లా? పోనీ సత్తెనపల్లి నెట్ సెంటర్‌కి పోయిరానా?"

"ఎందుకే ఈ ఎండలో? సర్వరే డౌనంట. అక్కడ మాత్రం వచ్చుద్దా?"

నమ్మింది. మళ్లీ కళ్లానికి వెళ్లిపోయింది.

ఎందుకు చేశాను? తను వెళ్లిపోతే కూలీల వంట, కళ్లం, అత్తగారి మందులు అన్నీ నా నెత్తిన పడతాయని భయపడ్డానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. నా డిగ్రీ బీరువాలో మూలుగుతుంటే, తను పంతులమ్మై రోజూ బస్సెక్కి వెళ్లడం చూడలేననిపించింది. కుళ్లు. దానికి ఇంకో పేరు లేదు. మర్నాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ కమాండు కొట్టాను. రెప్పపాటులో సైటు తెరుచుకుంది. గడువు ముగిసిందని ఉంది. అది కళ్లారా చూడాలని నాకెందుకు అనిపించింది? ఇప్పటికీ తెలియదు.

మరుసటి కౌన్సెలింగ్ దాకా మా వాళ్లు ఆగలేదు. చిలకలూరిపేట సంబంధం ఖాయం చేశారు. పెళ్లికొడుకు మంచివాడే. కానీ రమ మళ్లీ చదువు మాటెత్తలేదు. పుట్టింటికి వచ్చినప్పుడల్లా, ఆ రోజు పనంతా మానుకుని మా వదిన నాకోసం కూర్చుందని అందరికీ చెబుతుంది. నేను కాఫీ పెట్టే నెపంతో లేచిపోతాను.

మొన్న వచ్చినప్పుడు, తన కూతురి పరీక్ష దరఖాస్తు పేజీ మా కంప్యూటర్‌లో తెరుచుకోలేదు. నేను నల్లటి విండో తెరిచి ఆ కమాండు కొట్టాను. పేజీ వచ్చేసింది.

"ఇంతేనా వదినా?" అంది రమ.

"ఇంతే" అన్నాను.

ఆ నల్లటి విండో వంక, తర్వాత తన చేతుల వంక చూసింది. ఆ రోజు సంగతి అడిగితే చెప్పేదాన్నా? ఏమో. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. ఎవరో ఒకరికి చెప్పగలిగాను, గుండెకు కాస్త తెరిపిగా ఉంది. ఈసారి కాఫీ ఇస్తే సగంలోనే వదిలేసి వెళ్లింది రమ.