దీపం నూనె, మునగాకు కూర

నా చిన్నప్పుడు పొద్దు గుంకిందంటే చాలు, నాకు కళ్లు కనబడేవి కావు. పగలంతా మేకపిల్లలా గంతులేసేదాన్ని, దీపాలు పెట్టే వేళకు గోడ పట్టుకుని నడిచేదాన్ని. రేచీకటి అనేవారు. మా వీధి ఆడపిల్లలు సరిగ్గా ఆ వేళకే కోలాటం మొదలుపెట్టేవారు. నేనూ కోలలు పట్టుకుని మధ్యలో దూరేదాన్ని. ఒకసారి చీకట్లో కనబడక నేను పక్కింటి అక్క వేళ్లు వాచేలా కోలతో కొట్టాక నన్ను అరుగు మీద కూర్చోబెట్టేశారు. ఆ కోలల చప్పుడు వింటూ ఏడ్చేదాన్ని. అంతకంటే పెద్ద కష్టం లోకంలో ఉంటుందని అప్పుడు నాకు తెలియదు.

మాది కోడుమూరు దగ్గర మెట్ట ఊరు. ఆ ఏడు వానలు లేక చేలో బుడ్డలు, అంటే వేరుశనగకాయలు, సరిగా పండలేదు. గానుగాడిస్తే ఒక్క ముంతెడు నూనె వచ్చింది. మా అమ్మకు భక్తి ఎక్కువ. నా చూపు బాగయ్యేదాకా దేవుని గూట్లో దీపం ఆరనివ్వనని మొక్కుకుని, ఆ నూనెంతా దీపానికే దాచింది. మునగాకు కళ్లకు మంచిదని ఆమెకు తెలుసు, రోజూ వండేది. వండడమంటే ఉప్పేసి నీళ్లలో ఉడకబెట్టడమే. ఆ కూర, జొన్నరొట్టె తిని తిని నా కాళ్లూ చేతులూ బీటలు వారాయి కానీ చూపు రాలేదు. అమ్మ, పాపం, దీపంలో ఇంకో వత్తి వేసింది.

అప్పుడు నందికొట్కూరు నుంచి మా అవ్వ వచ్చింది, అమ్మను కన్నతల్లి. దీపాన్ని చూసింది, నా కంచాన్నీ చూసింది. మొక్కును కాదంటే కూతురు ఊరుకోదని ఆమెకు తెలుసు. మర్నాడు గరిటెడు నూనె తీసి దేవుని ముందు పెట్టి, పువ్వుంచి, దండం పెట్టుకుని, నేరుగా పొయ్యి మీది మూకుడులో పోసింది. వెల్లుల్లి, ఎండుమిరపకాయలు వేగిన వాసనకు అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"అది దేవుని నూనె గదమ్మా," అంది.

"దేవునికి చూపిచ్చినా గదే. ఇంగ ఇది ప్రసాదం. పారేస్తావా?" అంది అవ్వ, మునగాకు అందులో వేస్తూ. "ఉత్త నీళ్లల్లో ఉడకేస్తే ఆకులో సత్తువ ఒంటికి పట్టదు. నూనె తగలాల. సామికి కండ్లు బాగనే కనపడ్తాండాయి, కనపడంది ఈ బిడ్డకు."

ప్రసాదాన్ని ఎవరు కాదంటారు? ఆ రోజు నేను గిన్నె నాకి పెట్టాను. ఆ తర్వాత రోజూ ప్రసాదమే.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉన్నాను. మసక వెలుతురులో పక్కింటి అక్క ముక్కుపుడక తళుక్కుమంది. ఎగిరి దూకి, ఎవరి చేతిలోవో కోలలు లాక్కుని వరుసలో నిలబడ్డాను. కోలకు కోల సరిగ్గా తగిలింది. అక్క వేళ్లకు ఏమీ కాలేదు. అమ్మ గడపలో నిలబడి ఏడుస్తూ నవ్వుతూ, "సామి దయ," అంది. అవ్వ ఆమె పక్కనే నిలబడి, "అవు, సామి దయే," అని ముసిముసిగా నవ్వింది.

చూపును కాపాడే విటమిన్ కొవ్వులోనే కరుగుతుందనీ, కొవ్వు తోడు లేనిదే ఒంట పట్టదనీ చాలా ఏళ్లకు ఒక డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు మా కోడలు నూనెను చూస్తేనే భయపడుతుంది. అతి మంచిది కాదని నాకూ తెలుసు. అయినా మనవరాలి ఆకుకూరలో ఒక చెంచా నా చేత్తోనే పోస్తాను. మొక్కులు నేనూ మొక్కుతాను. కాకపోతే ముందు బిడ్డ కంచంలోకి చూస్తాను, ఆ తర్వాతే దేవుని వైపు తిరుగుతాను.