మా సార్ పేరు ముందు ‘ద’ వద్దు

ఈ రోజు ఆదివారం. పొద్దున్నే ఫోన్ తెరిస్తే మా పదో తరగతి గ్రూపులో ఇంగ్లిష్ సార్ ఫొటో. అవార్డేదో వచ్చిందనుకున్నాను. తర్వాత కనిపించింది దండ. పైన ఇంగ్లిష్‌లో ‘ఇన్ ద మెమరీ ఆఫ్’ అని ఉంది. రాత్రి సిరిసిల్లలో, సొంతింట్లో, గుండెపోటుతో పోయారట. రేపు మధ్యాహ్నం మా మల్లాపూర్ బడిలో సంతాప సభ. అక్కడ కట్టబోయే ఫ్లెక్సీ నమూనా అది.

ఏడుస్తూనే ఆ ‘ద’ దగ్గర ఆగిపోయాను. అలా ఆగడం నేర్పింది ఆయనే.

సార్ వారమంతా కోరుట్లలో అద్దె గదిలో ఉంటూ మా బడికి వచ్చేవారు. బోర్డు మీద వాక్యం రాసి, అనుమానమున్న మాటను అరచేత్తో మూసి చదవమనేవారు. ఆ సుద్ద చేత్తోనే ముక్కు రుద్దుకునేవారు. తెల్ల ముక్కు చూసి మేం నవ్వితే, తానూ నవ్వేవారు.

ఒకసారి మా తాత గుర్తుగా బడికి గోడ గడియారం ఇచ్చాం. దాని మీద రాయించాల్సిన మాట నేనే రాసిచ్చాను, ఇదే ‘ద’తో. సార్ దాన్ని బోర్డెక్కించి ‘ద’ను మూశారు.

“ఇట్లయితే తాత యాదిల ఇచ్చినట్టు. ‘ద’ పెడితే అది తాత మతిల ఉన్నట్టు. గడియారం గోడకు పెడదమా, మీ తాత తలకాయల పెడదమా బిడ్డా?”

తరగతంతా నవ్వింది. వెనక నుంచి ఒకడు, “మన మల్లాపూర్‌ల ఎవలు సూస్తరు సార్?” అన్నాడు.

సార్ నవ్వలేదు. “మల్లాపూర్ పిల్లలకు తప్పుదైనా సాలని ఎవడన్నడురా?”

జగిత్యాలలో డిగ్రీ చదువుతూ నేను మాటల మీద ఇంత ప్రేమ పెంచుకున్నానంటే, దానికి మొదలు ఆ ప్రశ్నే.

‘ద’ తీసేయమని గ్రూపులో రాశాను. మా క్లాస్ లీడర్ వెంటనే ఫోన్ చేసింది.

“దండ వాడిపోకముందే గ్రామర్ మొదలువెట్టినవా? అందరు గట్లనే రాస్తరే!”

“అందరికి సార్ చెప్పలే. మనకు చెప్పిండు.”

“కోరుట్ల ఫ్లెక్సీ షాపాయన ఫోన్ ఎత్తుతలేడు. పొద్దుగాల షటర్ తీయంగనే ప్రింటు ఏస్తడు. గంత పట్టింపుంటే నువ్వే పో.”

పోతాను. రేపు పొద్దున జగిత్యాలలో మెట్‌పల్లి మొదటి బస్సెక్కి, దారిలో కోరుట్లలో దిగుతాను. షటర్ లేచేసరికి దాని ముందుంటాను. ఆ మాట తీసేదాకా మిషన్ ఆన్ చేయనివ్వను.