టీచరుగారు ఎక్కిన కొండ

పోయిన నెల ఒక గురువారం పొద్దున నేను ఆఫీసు మీటింగులో ఉండగా పక్కింటి అమ్మాయి ఫోన్ చేసింది. తను మెసేజీలు పెట్టే మనిషే తప్ప ఫోన్ చేసే మనిషి కాదు. "అక్కా, అమ్మ వెళ్ళిపోయింది. కాఫీ ఇద్దామని వెళ్తే లేవలేదు," అంది. ల్యాప్‌టాప్ మూసేసి, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే తడి గడ్డి మీదుగా వాళ్ళింటికి పరుగెత్తాను.

ఆ అమ్మాయిని పట్టుకుని ఏడుస్తూనే ఉన్నాను, లోపల ఒక భయం కూడా పీకుతోంది. రెండేళ్ళ కిందట తనకి నేనొక మాట ఇచ్చి తప్పాను. తప్పానన్న సంగతి ఇంతవరకూ చెప్పలేదు. అదేమిటో మీకు చెప్పాలంటే ముందు వాళ్ళమ్మ, మా టీచరుగారు, ఎలాంటి మనిషో చెప్పాలి.

ఆవిడ తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో ముప్పై రెండేళ్ళు సోషల్ చెప్పారు. రిటైరయ్యాక అమెరికాలో కూతురి దగ్గరికి, మా క్యారీ ఊరికి వచ్చేశారు. ఏడాది తిరిగేసరికి మా వీధి పిల్లలందరికీ టీచరమ్మమ్మ అయిపోయారు. ఆదివారం మధ్యాహ్నం పిల్లల్ని వంటింటి బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఉడికీ ఉడకని బంగాళాదుంపని సగానికి కోసేవారు. బోర్లించిన సగం కొండ. దాన్ని అడ్డంగా బిళ్ళలు కోసి, ఒక్కో బిళ్ళ చుట్టూ కాగితం మీద పెన్సిల్‌తో గీయించేవారు. గీతలో గీత, అందులో ఇంకో గీత. ఒక గీత మీద ఎక్కడ నిలబడ్డా ఎత్తు ఒకటే, గీతలు దగ్గరైతే ఏటవాలు ఎక్కువ. మ్యాపులో కొండని చూపించే కాంటూరు గీతలు అవే. పాఠం అయ్యాక ఆ బిళ్ళలు వేపుడైపోయేవి.

"చేత్తో పట్టుకున్న పాఠం పోదమ్మాయ్. తిన్న పాఠం అసలు పోదు," అనేవారు నాతో.

తమాషా ఏమిటంటే, ఇంత కొండల పాఠం చెప్పిన మనిషి ఒక్క కొండా ఎక్కలేదు. "మా ఊళ్ళో ఎత్తంటే కాలవ గట్టే. క్యారీలో అదీ లేదు," అని నవ్వేవారు. మా లైబ్రరీ పాత పుస్తకాల అమ్మకంలో ఒకసారి స్కాట్లాండ్ దక్షిణాన ఉండే సరిహద్దు కొండల మ్యాపు దొరికింది ఆవిడకి. నడిచేవాళ్ళ కోసం వేసిన మ్యాపు. బాటలు, పాత కోటలు, పాడుబడ్డ మఠాలు, జలపాతాలు, గొర్రెల దొడ్లు కూడా ఉన్నాయి అందులో. అది వాళ్ళ ఫ్రిజ్ పక్కన ఏడాది వేలాడింది. పప్పు తాలింపు వేస్తూ దాన్ని చదివేవారు.

మా అమ్మాయి హైస్కూలు అయిపోయింది, కాలేజీకి వెళ్ళేముందు ఎక్కడికైనా తీసుకెళ్తానన్నాను. ఏ బీచో అడుగుతుందనుకుంటే, "టీచరమ్మమ్మ మ్యాప్‌లో ప్లేస్‌కి వెళ్దాం. అమ్మమ్మ కూడా రావాలి," అంది. టీచరుగారికి అప్పటికి ఏడాది ముందే గుండెకి స్టెంట్ వేశారు. వాళ్ళమ్మాయి నన్ను గరాజ్ దగ్గర పట్టుకుంది. "అక్కా, చూడమను, తిరగమను. కొండ మాత్రం ఎక్కనివ్వకు. అమ్మ నా మాట వినదు, నీ మాట వింటుంది. ప్రామిస్ చెయ్," అంది. చేశాను. ఇచ్చిన మాట మీద నిలబడే మనిషినని నాకు కాస్త పొగరు కూడా.

అక్కడ ఎడమ పక్కన డ్రైవ్ చేయడానికి నా ప్రాణం పోయింది. వెనక సీట్లో టీచరుగారు మాత్రం, "ఇదేగా సరైన పక్క," అని హాయిగా కూర్చున్నారు. మొదట చూసింది మెల్రోజ్ అనే చిన్న ఊళ్ళో పాత మఠం. ఎర్ర రాయి, పైకప్పు చాలావరకు లేదు, గోడల మధ్య పచ్చిక. గేటు దగ్గర టీచరుగారు బూట్లు విప్పేశారు.

"అమ్మమ్మా, ఇది మన టెంపుల్ కాదు," అంది మా అమ్మాయి.

"ఎవరి గుడైతేనేం, దేవుడికి దణ్ణం పెట్టిన చోటే కదా. విప్పు."

ముగ్గురం తడి పచ్చికలో వట్టి కాళ్ళతో తిరిగాం. పైన గోడ అంచున చెక్కిన ఒక రాతి పంది బ్యాగ్‌పైపు, అదే సంచి బూర, వాయిస్తూ కనబడితే టీచరుగారు కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. తిరిగొచ్చేసరికి గేటు దగ్గర మా బూట్లు లేవు. ఎవరో మర్చిపోయారనుకుని కాపలా ఆవిడ టికెట్ల గదిలో దాచింది. సంగతి విని, "ఇన్నేళ్ళలో ఇక్కడ బూట్లు విప్పినవాళ్ళని ఇవాళే చూశాను," అని మాకు టీ ఇచ్చింది. మర్నాడు ఒక బండ మీద ఒంటరిగా నిలబడ్డ రాతి కోట చూశాం. లోపల మెట్లు నిటారుగా ఉన్నాయి, వద్దన్నాను. బుద్ధిగా బయటే చుట్టూ తిరిగారు. నా మాట వింటున్నారని మురిసిపోయాను.

మూడో రోజు ఈల్డన్ కొండల దగ్గరికి వెళ్ళాం. పక్కపక్కనే మూడు శిఖరాలు, ఆగస్టు కాబట్టి పైనంతా ఊదా పూలు. కింద బాట మొదట్లో ఉన్న గేటు దాకా అన్నారు, సరేనన్నాను. గేటు దాటాక మ్యాపు తీశారు. "ఇక్కడ గీతలు దూరంగా ఉన్నాయి చూడు, చదునే. ఒక్క గీత ఎక్కుతాను." ఎక్కారు. కాసేపు కూర్చున్నారు. "ఇంకొక్క గీత." అలా గీత గీతకీ నన్ను బేరమాడుతూ రెండు శిఖరాల నడుమ ఉన్న పల్లం దాకా తెచ్చేశారు. అక్కడ నాకు తిక్క రేగింది.

"ఇంక చాలు టీచరుగారూ. మీకేమన్నా అయితే నేను ఏ మొహం పెట్టుకుని మీ అమ్మాయికి కనబడను?" అని గట్టిగా అరిచాను. గొర్రెలు కూడా తలెత్తి చూశాయి.

ఆవిడ కోప్పడలేదు. "ముప్పై రెండేళ్ళు కొండల్ని బోర్డు మీద గీశానమ్మా. గీసినంతసేపూ నాకే అనుమానం, నేను చెప్పేది నిజమేనా అని. మెల్లగా వెళ్తాను. ఆయాసం వస్తే నేనే ఆగుతాను. నీకు భయమైతే ఇక్కడే కూర్చో," అన్నారు.

నేనేం చేయను? వద్దని చేయి పట్టుకుని లాగనా? వెళ్ళమన్నాను. మా అమ్మాయిని పక్కనే ఉండమని, గుండె చేత్తో పట్టుకుని వెనకాల నడిచాను. ఆవిడ ఇరవై అడుగులు వేసి ఆగేవారు, మళ్ళీ ఇరవై. రోజంతా కుర్చీలో కూర్చునే నాకే ఆయాసం వచ్చి వెనకబడ్డాను. నేను పైకి చేరేసరికి ఆవిడ ఒక చదును జాగా చూపిస్తూ పాఠం మొదలెట్టేశారు. వేల ఏళ్ళ కిందట ఈ శిఖరం మీద ఊరు కట్టుకున్నారట. అలాంటి చదునులు చుట్టూ వందలున్నాయి, ఒక్కోటీ ఒక్కో ఇల్లు. కింద నది మెలిక తిరుగుతోంది, మేం బూట్లు పోగొట్టుకున్న మఠం అగ్గిపెట్టంత కనబడుతోంది. ఆవిడ మ్యాపుని ఉత్తరానికి తిప్పి పట్టుకుని, మ్యాపులోకీ కిందికీ మార్చి మార్చి చూశారు. "నిజమే చెప్పాను," అన్నారు. అంత సంతోషం నేను పెద్దవాళ్ళ మొహంలో ఎప్పుడూ చూడలేదు.

దిగేటప్పుడు, "ఇది మన ముగ్గురి మధ్యే ఉండాలి," అని బతిమాలాను. ఆవిడ మ్యాపు మడత పెడుతూ ఊరుకున్నారు. ఒప్పుకున్నారనుకున్నాను. క్యారీ వచ్చాక వాళ్ళమ్మాయి ఎలా జరిగిందక్కా అని అడిగితే, కొండల్ని కిందనుంచే చూశాం అని చెప్పేశాను. ఆ తర్వాత రెండేళ్ళు టీచరుగారు బంగాళాదుంపలు కోస్తూనే ఉన్నారు, ఇదివరకటి కంటే హుషారుగా. నేను మాత్రం వాళ్ళమ్మాయి కళ్ళలోకి సూటిగా చూడలేకపోయాను. ఇప్పుడు ఆ గుండే ఆగిపోయింది. ఆ రోజు ఎక్కనివ్వకపోతే ఇంకొన్నాళ్ళు ఉండేవారేమో అన్న ఆలోచన నన్ను తినేసింది.

కార్యక్రమాలన్నీ అయ్యాక, చుట్టాలు వెళ్ళిపోయిన మధ్యాహ్నం, వాళ్ళ వంటింట్లో ఆ అమ్మాయితో పాటు గిన్నెలు సర్దుతూ చెప్పేశాను. "నీకిచ్చిన మాట తప్పాను. అమ్మని కొండ ఎక్కనిచ్చాను. నీతో అబద్ధమాడాను."

తను గిన్నె కింద పెట్టింది. "తెలుసక్కా. ఆ రోజే అమ్మ వీడియో పంపింది. మీ అమ్మాయే తీసిందట. ముందు నాకు చాలా కోపం వచ్చింది. నిన్ను అడగొద్దని అమ్మే ఒట్టు వేయించుకుంది," అని ఫోన్ తీసింది.

గాలి హోరులో టీచరుగారు. చీర మీద స్వెట్టరు, తలకి మఫ్లరు, ఎగిరిపోతున్న పమిటని ఒక చేత్తో పట్టుకున్నారు. "పైకొచ్చేశానే. డాక్టరు చెప్పినట్టే ఆయాసం వచ్చిన చోటల్లా ఆగాను, ఏం కాలేదు. అదిగో, కింద వస్తోందే, ఆవిడ నన్ను చాలాసేపు ఆపింది పాపం. వినంది నేను. తనని ఏమీ అనకు," అన్నారు. తర్వాత ఫోన్ వైపు చూడటం మానేసి, కొండ అంచుకి రెండడుగులు వేశారు. కింద ఊదా పూల మధ్య నేను, నడుం మీద చేయి వేసుకుని, రొప్పుతూ, తలొంచుకుని ఎక్కుతున్నాను. ఆవిడ వంగి, నాకు అందేలా చేయి చాచి, అలాగే నిలబడి ఉన్నారు.