మోగని చెయ్యి

ల్యాబులో ఎవరో సిలికాన్ జిగురు మూత తీశారు. ఊరగాయ జాడీ తెరిచినట్టు పుల్లటి వాసన గదంతా కమ్ముకుంది. కొత్తగా చేరినవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. నాకు మాత్రం గుండె ఉరకలేసింది. నసీమా మేడమ్ ఉన్న రోజుల్లో ఆ వాసన వచ్చిందంటే కొత్త నమూనా తయారవుతున్నట్టే.

మేడమ్ది అనకాపల్లి. కిడ్నీ డాక్టరు. విశాఖలో వైద్య పరికరాలు తయారుచేసే మా చిన్న బృందానికి పెద్ద దిక్కు, వారానికోసారి చోడవరం వచ్చి డయాలసిస్ రోగుల్ని చూసేవారు. నేను చోడవరం పిల్లనే. ఇంజినీరింగ్ అయ్యాక ఉద్యోగం కోసం వెళ్తే ఆవిడ నా మార్కులు అడగలేదు. మంచం మీదున్న ఒకాయన మోచేతి దగ్గర నా వేళ్ళు ఆనించి, "ఏటి తెలస్తంది?" అన్నారు. చర్మం కింద తేనెటీగలున్నట్టు గుయ్‌మంటోంది. "డయాలసిస్ సూదులు గుచ్చడానికని అక్కడ రెండు రక్తనాళాలు కలిపి కుట్టేం. రక్తం జోరుగా పోతే అలా మోగతాది. పొద్దున్న లెగిసి ముట్టుకు సూసుకోమని, మోగకపోతే పరిగెట్టుకు వచ్చీమని అందరికీ సెప్తాను" అన్నారు. ఆ రోజే నాకు ఆ పని మీద పిచ్చి పట్టింది.

కొందరికి ఆ రక్తనాళాలు కూడా పాడైపోతాయి. వడ్డాది దగ్గర చెరకు పండించుకునే రమణమ్మకి రెండు చేతులూ అలాగే అయ్యాయి. మెడలో గొట్టం పెట్టి డయాలసిస్ చేస్తున్నారు. అక్కడ మాటిమాటికీ చీము పడుతోంది. చేతిలో మామూలు గొట్టం అమరుద్దామంటే, రాత్రీపగలూ దాంట్లోకి పోయే రక్తం జోరు ఆమె గుండె తట్టుకోలేదు. మెడలో ఇంకోసారి చీము పడితే మనిషి దక్కదని మేడమ్ బెంగ. అందుకే మేం చర్మం కింద అమర్చే గొట్టానికి ఒక చిన్న తలుపు పెట్టాం. డయాలసిస్ చేసేటప్పుడు పూర్తిగా తెరుచుకుంటుంది, మిగతా వేళల్లో సన్నటి ధార మాత్రం వదులుతుంది. ఎన్ని నమూనాలు కారిపోయాయో చెప్పలేను. చుక్క కూడా కారని రోజు మేడమ్ చెప్పులు మరిచిపోయి ల్యాబంతా చిన్నపిల్లలా తిరిగారు. నేను ఇంటికి ఫోన్ చేసి, ఏం చెప్పాలో తెలియక నవ్వుతూ ఉండిపోయాను.

ఆవిడకొక పట్టుదల ఉండేది. చోడవరం డయాలసిస్ గదిలో రోగులకి చూపించకుండా ఏ నమూనాకీ ఆఖరి డ్రాయింగ్ గీయనిచ్చేవారు కాదు. అలాగే ఆ నమూనా తీసుకెళ్ళి రమణమ్మ అరచేతిలో పెట్టి, ఎలా పనిచేస్తుందో గర్వంగా వివరించాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది.

"అయితే ఇంటికాడ ఇది మోగదా అమ్మా?"

"మోగదు. ధార సన్నగా ఉంటుంది కదా."

"మరి బతికున్నాదో సచ్చిపోనాదో నాకెలా తెలస్తాది? పొద్దున్నే ముట్టుకు సూసుకోమని డాక్టరమ్మే సెప్పేరు కదా. ఒద్దమ్మా. మెడలోదే ఉండనీండి."

మేడమ్ ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత పగలబడి నవ్వారు. "ఇన్నేళ్ళూ పాఠం సెప్పింది నేను, మర్సిపోనదీ నేనే." నాకైతే ఏడుపొచ్చింది. నెలల తరబడి చేసిన పని నేలపాలైందనిపించింది. తిరుగుప్రయాణంలో కారు గోవాడ దాటకముందే మేడమ్ నా భుజం తట్టి, "ఏడస్తావేటే? మోగించీ తలుపు సేద్దాం" అన్నారు. విశాఖ చేరేదాకా ఇద్దరం ఒకరి మాట ఒకరు పూర్తి కానివ్వలేదు. చర్మం మీద చిన్న అయస్కాంతం పెడితే తలుపు కాస్త తెరుచుకోవాలి, చెయ్యి మోగాలి, తీసేస్తే సర్దుకోవాలి. మళ్ళీ నమూనాలు, మళ్ళీ పరీక్షలు, మళ్ళీ అనుమతులు. అన్నీ తెలుసుకున్నాక రమణమ్మ తనంతట తనే ఒప్పుకుంది.

ఆపరేషన్ అయి, గాయం మానాక, అదే చోడవరం గదిలో ఆమె చేతికి అయస్కాంతం ఇచ్చాం. ఎవరి చేతినైనా ముందు తనే పట్టుకునే మేడమ్, ఆ రోజు రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు. నేను వేళ్ళు చాపబోతే, "ఆగు. అది ఆవిడ సెయ్యి" అన్నారు. రమణమ్మ అయస్కాంతం ఆనించి, పక్కనే వేళ్ళు పెట్టి కళ్ళు మూసుకుంది.

"మోగతన్నాదమ్మా."

"ఇంక తీసీ రమణమ్మా, సాలు" అన్నారు మేడమ్.

"ఉండండమ్మా. ఇంకొంచెం సేపు."

మేడమ్ ఇప్పుడు లేరు. ఆవిడ గుర్తొస్తే ఏడుపు కంటే ముందు నాకు పని చెయ్యాలనిపిస్తుంది. ఈ రోజుకీ కొత్త నమూనా ఏదైనా రోగి ఒంట్లో అమరాక, నేను గోడకి ఆనుకుని చేతులు వెనక్కి కట్టుకుంటాను. ముందుగా ముట్టుకోవాలని నా వేళ్ళు తహతహలాడుతూనే ఉంటాయి.